శనివారం సంచీ, ఫోన్‌లో క్యాలెండర్

సీజన్ మొదట్లోనే రైతుకి డబ్బు కట్టి, వారం వారం కూరగాయల వాటా తీసుకునే వాళ్ళకి ముందే ఒక మాట చెప్పేస్తాను. కూరల సంచీ వచ్చే శనివారాలన్నీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి, అదీ మీ ఒక్కరి క్యాలెండర్‌లో కాకుండా, రైతు ఇంట్లో వాళ్ళు కూడా తెరిచి మార్చగలిగే క్యాలెండర్‌లో పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపు ఈ పనికి చాలదు. ఎందుకు చాలదో, అమలాపురంలో మేము ఎలా నడుపుకుంటున్నామో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే కాకినాడ నుంచీ భీమవరం నుంచీ తెలిసినవాళ్ళు అడుగుతున్నారు, అందరికీ విడివిడిగా ఫోన్‌లో చెప్పడం కుదరట్లేదు.

మా ఏర్పాటు ఇది. గోదావరి పాయ మధ్య ఒక లంకలో ఒక కుటుంబం ప్రకృతి సాగు చేస్తోంది, పేడ, గోమూత్రంతో ఇంట్లోనే తయారుచేసుకునే జీవామృతం, ఘనజీవామృతం తప్ప వేరే మందు వాడరు. మేము కొన్ని ఇళ్ళవాళ్ళం కలిసి సీజన్ మొదట్లోనే డబ్బు కట్టేస్తాం. వాళ్ళు ప్రతి శనివారం పొద్దున్న, ఆ వారం తోటలో ఏది చేతికొస్తే అది గుడ్డ సంచుల్లో సర్ది ఊళ్ళోకి తెస్తారు, మేము వెళ్ళి తెచ్చుకుంటాం. చలికాలంలో వంకాయ, చిక్కుడు, టమాటా, కంద వస్తాయి. ఎండలు ముదిరాక బెండ, దోస, ఆనపకాయ, ఒక్కోసారి కొట్టి సిద్ధం చేసిన పనసపొట్టు. వానల్లో బీర, పొట్ల, అరటికాయ, రెండు కొబ్బరికాయలు. ఏం కావాలో మేము అడగం, ఏం పండితే అది తింటాం. బాబాయి గారు (ఆ రైతుని అందరం అలాగే పిలుస్తాం) మొదట్లోనే చెప్పేశారు, "పండితే బుట్టెడు ఇస్తానండి, పండకపోతే మీరు కూడా సర్దుకోవాలండి" అని. అలా ఒప్పుకునే చేరాం.

ఈ పద్ధతి ప్రపంచానికి కొత్తేం కాదు. జపాన్‌లో 1970ల నుంచీ తేకెయ్ అనే పేరుతో ఇళ్ళవాళ్ళు, రైతులు నేరుగా ఒప్పందం చేసుకుని నడుపుకుంటున్నారు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లో ఒక తోట, న్యూ హాంప్‌షైర్‌లో ఒక తోట ఇలా వాటాలు పెట్టి మొదలుపెట్టాయి, ఆ తరువాత దేశమంతా పాకింది. మనకి తేడా ఎక్కడంటే వాళ్ళకి మంచు పడే నెలలు అడ్డం, మనకి వరద అడ్డం. దాని సంగతి కింద రాస్తాను.

అసలు ఇంత హడావిడి ఎందుకంటే, ఆకుకూర వల్ల. శనివారం తెల్లవారకముందే బాబాయి గారింటి పిన్ని గారు, కోడలు తలకి లైటు కట్టుకుని తోటకూర, గోంగూర, చుక్కకూర కోస్తారు. కోసింది కోసినట్టు వేళ్ళ మట్టి దులిపి, అరటి నారతో కట్టలు కట్టి, తడిపిన గోనెపట్టా కప్పి తెస్తారు. ఏడింటికి చూస్తే ఆకు మీద ఇంకా మంచు తడి ఉంటుంది. పది దాటితే తోటకూర తల వేలాడేస్తుంది. మధ్యాహ్నానికి కట్ట విప్పితే లోపలి ఆకు వేడిగా తగులుతుంది, అంటే ఇక అయిపోయినట్టే. బెండకాయ సంగతి వేరే, దాన్ని రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరి పీచు పట్టేస్తుంది కాబట్టి మేము వచ్చినా రాకపోయినా వాళ్ళు కోయాల్సిందే. ఎవరైనా సంచీ తీసుకెళ్ళకపోతే దాన్ని మళ్ళీ లంకకి మోసుకెళ్ళలేరు, అక్కడే ఎవరికో ఇచ్చేసి వెళ్తారు. ఒకసారి పిన్ని గారు అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది. "డబ్బులు మీరు ముందే ఇచ్చేశారు కదండీ, మాకు పోయేదేం లేదు. కోసిన కూర ఎవరింట్లోనూ పొయ్యెక్కకపోతేనే ప్రాణం ఉసూరుమంటదండి." అందుకే ఈ తేదీ మరిచిపోవడం నాకు చిన్న విషయంలా అనిపించదు.

ఇక వాట్సాప్. గ్రూపులో సమాచారం ఉండదని కాదు, ఉంటుంది, కాకపోతే శుభోదయాల కింద, పెళ్ళి కార్డుల కింద, ఎవరో పంపిన దేవుడి ఫోటోల కింద ఉంటుంది. "రేపు ఏడుకా, ఎనిమిదికా?" అని ఒకరు అడుగుతారు, ఇద్దరు జవాబిస్తారు, అందులో ఒకటి పోయిన వారం సంగతి. మెసేజ్ ఎప్పుడూ పంపిన రోజు దగ్గరే ఉండిపోతుంది. మంగళవారం పెట్టిన మార్పు శనివారం నాటికి ఎక్కడికో పైకి వెళ్ళిపోతుంది, మళ్ళీ వేలితో తోసుకుంటూ వెతకాలి. క్యాలెండర్‌లో పెట్టింది జరిగే రోజు దగ్గరే ఉంటుంది, ఎప్పుడు తెరిచినా అక్కడే ఉంటుంది.

గోడ క్యాలెండర్ మన ఇళ్ళలో ఎప్పుడూ ఉన్నదే. పాలు రాని రోజు సున్నా చుట్టడం, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకోవడం అందరికీ అలవాటే. మా అత్తయ్య ఇప్పటికీ శనివారాల మీద పెన్నుతో "సంచీ" అని రాస్తారు, అది నాకు చాలా ఇష్టం, ఆ పని ఆపమని ఎప్పుడూ అనను. కానీ వంటింటి గోడ మీద రాసింది ఆఫీసులో ఉన్న మావారికి కనపడదు, లంకలో ఉన్న బాబాయి గారి కోడలికి అసలే కనపడదు. మార్పు వస్తే గోడ మీది అక్షరం దానంతటది మారదు కదా.

మేము చేసింది ఇది. గూగుల్ క్యాలెండర్‌లో "కూరల సంచీ" అని విడిగా ఒక కొత్త క్యాలెండర్ తయారుచేశాం. మీ సొంత క్యాలెండర్‌లో కలిపేయకండి, విడిగానే పెట్టండి, లేకపోతే మీ డాక్టర్ అపాయింట్‌మెంట్లు, పిల్లల పరీక్షలు కూడా అందరికీ కనపడతాయి. కంప్యూటర్ మీద అయితే ఎడమ పక్క "ఇతర క్యాలెండర్లు" అన్నచోట ప్లస్ గుర్తు నొక్కితే కొత్తది తయారవుతుంది. తరువాత షేర్ చేసేటప్పుడు ఒక్కొక్కరి ఈమెయిల్ ఇచ్చి, ఎవరికి ఎంత హక్కో ఎంచుకోవాలి. మా దగ్గర మార్చే హక్కు బాబాయి గారి కోడలికీ, నాకూ మాత్రమే ఉంది. మిగతా అందరూ చూడగలరు, మార్చలేరు. ఇందులో ఎవర్నీ తక్కువ చేయడం లేదు, ఫోన్‌లో వేలు తగిలితే శనివారం సంచీ ఆదివారానికి జరిగిపోతుంది, అది అందరి ఫోన్లలోనూ జరిగిపోతుంది, అందుకు.

అసలైన హక్కుదారు ఆ అమ్మాయే అని గట్టిగా అంటాను. తోటలో ఏం జరుగుతోందో ఆమెకి తెలుసు, మనకి తెలియదు. ఊళ్ళో ఉన్నవాళ్ళు క్యాలెండర్ పెట్టి రైతుని అందులో ఇరికిస్తే అది మన సౌకర్యం అవుతుంది. రైతు ఇంట్లో చదువుకున్న పిల్ల చేతిలో పెడితే వాళ్ళ పని వాళ్ళ లెక్కలో నడుస్తుంది. ఇప్పుడు ఆ అమ్మాయి తన కోసం ఇంకో క్యాలెండర్ వేరే రంగులో పెట్టుకుంది, జీవామృతం కలపడానికి. పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి డ్రమ్ములో 200 లీటర్ల నీళ్ళలో కలిపి 48 గంటలు ఊరబెట్టాలి, తరువాత పాదులకి పారించాలి, మళ్ళీ 15 రోజులకి ఇంకో విడత. వారాల లెక్కకి అందని ఈ 15 రోజుల వరసని ఫోన్ తప్పకుండా గుర్తు చేస్తోందని, మామగారు కూడా ఇప్పుడు "ఫోన్ ఏమంటుందే?" అని అడుగుతున్నారని సంబరంగా చెప్పింది.

ఈవెంట్ లోపల ఏం రాయాలన్నది కూడా ముఖ్యమే. పేరులోనే సమయం ఉండాలి, "సంచీ, ఉదయం 7 నుంచి 9" అని, తెరిచి చూడకుండానే కనపడాలి. ప్రదేశం దగ్గర మ్యాప్ గుర్తు పెట్టాలి, కొత్తవాళ్ళు "కాలవగట్టు దగ్గర" అంటే ఏ కాలవ అని అడుగుతారు, మన ఊళ్ళలో ఎటు తిరిగినా కాలవే మరి. వివరాల్లో "పోయిన వారం ఖాళీ సంచీ తీసుకురండి" అని ఒక ముక్క, ఈ వారం ఏం వస్తున్నాయో ఒక ముక్క. ఈ రెండో ముక్కని ఆమె శుక్రవారం రాత్రి నింపుతుంది. దాన్ని చూశాకే మా ఇంట్లో ఆదివారం కూర నిర్ణయం అవుతుంది. కంద, బచ్చలి రెండూ ఒకే వారం వస్తే అత్తయ్య ఇంక వేరే మాట విననివ్వరు.

అలర్ట్‌ల గురించి ఒక సంగతి చాలామందికి తెలియదు. షేర్ చేసిన క్యాలెండర్‌లో మీరు పెట్టుకున్న అలర్ట్ మీ ఫోన్‌లోనే మోగుతుంది, పక్కవాళ్ళ ఫోన్‌లో మోగదు. ఎవరి అలర్ట్ వాళ్ళే పెట్టుకోవాలి. కొత్తగా చేరిన ప్రతి ఇంటివాళ్ళకీ నేను దగ్గర కూర్చుని ఇది చేయించి కానీ పంపను. మేము మూడు పెట్టుకుంటాం. శనివారం ఉదయం ఒకటి, అది ఎవరైనా పెట్టుకుంటారు. శుక్రవారం సాయంత్రం ఒకటి, ఫ్రిజ్‌లో కింది అర ఖాళీ చేసుకోవడానికి, దారిలో బండి దగ్గర బెండకాయలు కొనేయకుండా ఉండటానికి. అన్నిటికంటే అవసరమైనది గురువారం రాత్రి 8 గంటలది. శనివారం ఊళ్ళో ఉండకపోతే ఆ అలర్ట్ మోగినప్పుడే కోడలికి ఫోన్ చేసి చెప్పాలి. శుక్రవారం కాయలు కోయడం మొదలుపెట్టకముందే తెలిస్తే వాళ్ళు ఆ మేరకు తక్కువ కోస్తారు, లేదా ఆ సంచీ ఇంకొకరికి మాట్లాడి పెడతారు. శనివారం పొద్దున్న "ఈరోజు రాలేనండి" అని మెసేజ్ పెట్టడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు, అప్పటికి ఆకు కోసేసి ఉంటారు.

అర వాటా తీసుకునే వాళ్ళకి ఇంకో చిక్కు. రెండు ఇళ్ళవాళ్ళు ఒక వాటా పంచుకుంటే, వారం విడిచి వారం తెచ్చుకుంటారు. చాలామంది "మేము 1, 3 శనివారాలు, మీరు 2, 4" అనుకుంటారు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ నెలలో ఐదో శనివారం వస్తే అది ఎవరిది? 2026లో చూడండి, జనవరి, మే, ఆగస్టు, అక్టోబరు నెలల్లో ఐదేసి శనివారాలు ఉన్నాయి. ఆ నాలుగు సంచులూ దిక్కులేనివి అవుతాయి. అందుకని క్యాలెండర్‌లో "ప్రతి 2 వారాలకి ఒకసారి, శనివారం" అని పెట్టాలి, నెల లెక్క వదిలేయాలి. ఒకరిది ఒక రంగు, ఇంకొకరిది ఇంకో రంగు. మధ్యలో ఒక వారం సంచీ రాకపోతే వరస జరపాలా వద్దా అన్నది ముందే మాట్లాడుకోండి, మేమైతే జరపం, పోయిన వారం పోయినట్టే.

పండగలు ఇంకో పెద్ద విషయం. ఒకసారి పెట్టేస్తే ఏటా అదే తేదీకి వచ్చేస్తుందని ఫోన్ చెబుతుంది, మన పండగలు అలా రావు. సంక్రాంతి ఒక్కటే జనవరి 14, 15 దగ్గర స్థిరంగా ఉంటుంది. కనుమ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, అంబాజీపేట చుట్టుపక్కల దారులన్నీ ప్రభలతో, జనంతో నిండిపోతాయి, ఆ రోజు శనివారం పడితే సంచీ ఒకరోజు ముందుగా పెట్టాల్సిందే. తిథి ప్రకారం వచ్చేవి ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తాయి, అధిక మాసం పడిన ఏడాది ఒక్కసారిగా ఆలస్యమవుతాయి. 2025లో కార్తీక మాసం అక్టోబరు 22న మొదలైంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి అది నవంబరు రెండో వారానికి పోతుంది. కార్తీకంలో మా ఇళ్ళలో నీచు ఉండదు, కూరలు ఎక్కువ కావాలి, వనభోజనాలకి కంద, అరటికాయ, ఉసిరికాయ అడుగుతారు. బాబాయి గారికి ఆ సంగతి నెల ముందు తెలియాలి. అందుకే ఉగాదికి పంచాంగం రాగానే అత్తయ్య చదువుతుంటే నేను తిథులన్నీ తేదీల్లోకి మార్చి ఎక్కిస్తాను, ఏటా మళ్ళీ మొదటి నుంచి. ఆమె కళ్ళజోడు సర్దుకుంటూ చదవడం, మధ్యలో ఏదో వ్రతం గుర్తొచ్చి ఆగడం, దానికి ఒక పూట పడుతుంది. ఆ పూట నాకు ఏడాదిలో ఇష్టమైన వాటిలో ఒకటి.

ఇక వరద. జులై నుంచి సెప్టెంబరు దాకా వచ్చే శనివారాలన్నీ మా క్యాలెండర్‌లో వేరే రంగులో ఉంటాయి, పేరు పక్కన "నీటిని బట్టి" అని ఉంటుంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు కిందికి దిగి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. లంకల్లో ఉండేవాళ్ళకి ఈ అంకెలు కంఠతా వచ్చు, ఊళ్ళో ఉన్న మేము ఇప్పుడు నేర్చుకున్నాం. భద్రాచలంలో మొదటి హెచ్చరిక రాగానే కోడలు ఆ వారం పేరు ముందు "ఆగండి" అని చేరుస్తుంది. ధవళేశ్వరంలో హెచ్చరిక వస్తే "ఈ వారం సంచీ లేదు" అని మారుస్తుంది. లంకకి వెళ్ళే కాజ్‌వే (ఏటి మీది ఎత్తు తక్కువ దారి) మునిగితే అటూ ఇటూ పడవే దిక్కు. ఆ రోజుల్లో వాళ్ళకి పశువుల్ని ఏటిగట్టు మీదకి తోలుకోవడం, గడ్డి చేరవేయడం, ధాన్యం అటక మీద పెట్టుకోవడం, ఇవన్నీ ఉంటాయి. అలాంటప్పుడు ఫోన్ చేసి "సంచీ వస్తుందా అండి?" అని ఇంటికొకరు అడిగితే వాళ్ళకి ఎలా ఉంటుందో ఆలోచించండి. క్యాలెండర్‌లో ఒక్కసారి మారిస్తే అందరికీ తెలుస్తుంది, ఎవరూ ఫోన్ చేయక్కర్లేదు. చేస్తే "మీరంతా గట్టు మీదకి వచ్చేశారా?" అని అడగడానికి చేయాలి.

2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా కిందికి వచ్చింది. అలాంటి వరదకి కూరపాదు ఏదీ నిలవదు, అరటి తోట కూడా కుళ్ళిపోతుంది. వరద తీశాక ఒండ్రు ఆరి, దున్ని, గింజ వేసి, మొదటి ఆకుకూర రావడానికే వారాలు పడుతుంది, వంకాయకి ఇంకా ఆలస్యం. ఆ ఖాళీ వారాలన్నీ క్యాలెండర్‌లో కనపడాలని నా అభిప్రాయం. సంచీ రాని వారం ఈవెంట్‌ని తీసేయడం మా దగ్గర నిషేధం, పేరు మాత్రమే మారుస్తాం. తీసేస్తే ఏమీ లేనట్టు ఉంటుంది, అలవాటు కొద్దీ ఎవరో ఒకరు గట్టు దగ్గరకి వెళ్ళి నిలబడతారు. పైగా ఏడాది చివర వెనక్కి తిరిగి చూస్తే ఎన్ని వారాలు వచ్చింది, ఎన్ని వారాలు ఏటి పాలైంది అన్నీ అక్కడే ఉంటాయి, తరువాతి ఏడు వాటా ఎంత పెట్టాలో మాట్లాడుకోవడానికి ఆ లెక్క పనికొస్తుంది.

మార్పు చేసేటప్పుడు ఫోన్ ఒక ప్రశ్న అడుగుతుంది, ఈ ఒక్క ఈవెంటేనా, ఇక్కడి నుంచి తరువాతవి కూడానా, అన్నీనా అని. దాన్ని తొందరలో నొక్కేయకండి. వరదకి అయితే "ఈ ఒక్కటే". ఎండాకాలం వచ్చి 7 గంటలని 6 చేయాలంటే "ఇక్కడి నుంచి తరువాతవి". "అన్నీ" నొక్కితే అయిపోయిన వారాల్లో రాసుకున్నవి కూడా మారిపోయే ప్రమాదం ఉంది. సీజన్‌కి ముగింపు తేదీ కూడా పెట్టండి, ఎప్పటికీ అని వదిలేయకండి. వాటా మానేసిన వాళ్ళ ఫోన్‌లో కూడా అది మోగుతూనే ఉంటే చిరాకు.

ఐఫోన్ ఉన్నవాళ్ళకి ఇబ్బంది లేదు. క్యాలెండర్లు ఒకదాన్ని ఒకటి చదవడానికి ఐక్యాలెండర్ అనే ఉమ్మడి పద్ధతి 1998 నుంచే ఉంది. కాకపోతే లింకు ద్వారా చేరితే మార్పు కనపడటానికి గంటలు పట్టవచ్చు, వరద రోజుల్లో ఆ ఆలస్యం పనికిరాదు. గూగుల్ ఖాతానే ఫోన్ సెట్టింగుల్లో కలుపుకుంటే త్వరగా వస్తుంది.

స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్ళు మా గుంపులోనూ ఉన్నారు. ఒక మాస్టారు గారు రిటైరై చాలా కాలమైంది, మామూలు ఫోన్ వాడతారు. మా ఎదురింటి అబ్బాయి కోసం ఈవెంట్ వివరాల్లోనే నేను రాసిపెట్టాను, "మాస్టారు గారికి ఫోన్ చేయాలి" అని. గురువారం అలర్ట్ మోగగానే అతను చేస్తాడు. మాస్టారికి శనివారం పొద్దున్నే నడిచి వెళ్ళి సంచీ తెచ్చుకోవడం ఇష్టం, దారిలో బాబాయి గారితో కాసేపు దాళ్వా (రబీ వరి) సంగతులు, కాలవలు ఎప్పుడు కట్టేస్తారన్న సంగతులు మాట్లాడి వస్తారు.

మీలో ఎవరైనా కొత్తగా మొదలుపెడుతుంటే, ముందు రైతు ఇంటికి వెళ్ళి అడగండి, వాళ్ళు ఏ రోజు ఏం కోస్తారు, ఎన్నింటికి బయలుదేరుతారు, ఏ నెలలో దారి తెగుతుంది అని. ఆ జవాబులు వచ్చాక క్యాలెండర్ నింపడం అరగంట పని. వేసవి శనివారాలన్నీ 6 గంటలకి మార్చేసి, మామిడికాయల వారాలకి విడిగా రంగు వేస్తోంది బాబాయి గారి కోడలమ్మాయి ఇప్పుడు. ఆవకాయ పెట్టే ఇళ్ళవాళ్ళు ఎన్ని కాయలు కావాలో ముందే చెప్పాలని వివరాల్లో రాసింది, చెప్పేయండి.